నేను పట్టుకున్న దొంగ

మొన్నొక సాయంత్రం మా అమ్మాయి ఆఫీసు నుంచి వస్తూనే, చెప్పులైనా విప్పకుండా, "అమ్మా, నీ సీరియల్ మళ్లీ వస్తోందట. కొత్త సీజన్!" అంటూ ఫోను తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది. 'నీ సీరియల్' అనడంలో వెక్కిరింత ఉందని నాకు తెలుసు. మేమిప్పుడు ఉంటున్నది పోచారంలో, తొమ్మిదో అంతస్తులో. మా అమ్మాయి పనిచేసే అద్దాల మేడలు మా బాల్కనీలోంచి కనిపిస్తాయి. ఆ మేడల్లో పనిచేసే పిల్లలు ఒక సీజన్ మొత్తాన్ని ఒక్క ఆదివారంలో చూసిపారేసి సోమవారానికి మరిచిపోగల సమర్థులు. మా రోజుల్లో సీజన్ అనే మాట మామిడికాయలకే వాడేవాళ్లం. సీరియల్ అంటే శనివారం సాయంత్రం ఏడింటికి రావాలి, క్రికెట్ ఉంటే రాకపోవాలి, అంతే. ఫోనులో చూస్తే ఆ నేరపరిశోధన సీరియల్లోని అదే పెద్దాఫీసరు, అదే చూపు. జుట్టు మాత్రం అప్పటికంటే నల్లగా ఉంది. పక్కన తెల్లకోటు డాక్టరు కూడా ఉన్నాడు. ఆయన బాగా లావయ్యాడు. నేనూ అయ్యాను కనక ఆ విషయం ఇక్కడితో వదిలేస్తాను.

"అంత పిచ్చిగా చూసేదానివట కదా, అమ్మమ్మ చెప్పింది. మరి పోలీసెందుకు కాలేదు?" అని అడిగింది మా అమ్మాయి. లోపలి గదిలోంచి మా అమ్మ, ఏ మాటా సరిగ్గా వినపడదని మేమనుకునే మా అమ్మ, "ఒక్క కేసు జేసింది తియ్. గదే ఎక్కువైంది" అంది. ఆ ఒక్క కేసు గురించే ఈ అధ్యాయం. ఇన్నాళ్లూ రాయలేదంటే మరిచిపోయి కాదు. రాస్తే నేను ఎలా కనిపిస్తానో తెలిసి రాయలేదు.

అప్పట్లో మేం నాచారంలో, ఉప్పల్ వైపు పోయే రోడ్డు పక్కన ఒక సందులో, రెండంతస్తుల ఇంట్లో కింది వాటాలో అద్దెకుండేవాళ్లం. ఆ ఇంట్లో టైము తెలియడానికి గడియారం అక్కర్లేదు, ముక్కుంటే చాలు. గాలి ఒక వైపు నుంచి వస్తే బిస్కెట్ల వాసన, వెన్నా పంచదారా కలిసి కాలుతున్నట్టు. ఇంకో వైపు నుంచి వస్తే ఏదో మందుల ఫ్యాక్టరీ ఘాటు, గొంతులో గరగర. పొద్దున్నే గాలి బిస్కెట్ల వైపు నుంచి వచ్చిందంటే మా అమ్మ ఆ రోజు మంచిగా మాట్లాడేది. రోజు విడిచి రోజు నల్లా వచ్చేది. నల్లా వచ్చే రోజు ఇంట్లో ఉన్న ప్రతి గిన్నె, ప్రతి చెంబు, చివరికి నా జామెట్రీ బాక్సు మూత కూడా నీళ్లతో నిండి ఉండేది. ఆ నీళ్ల హడావుడిలో అమ్మకు కుడిభుజం యాదమ్మ. మా ఇంట్లోనూ, పైన ఓనర్ల ఇంట్లోనూ, అదే సందులో ఇంకో రెండిళ్లలోనూ గిన్నెలు తోమే మనిషి. ఆలేరు వైపు నుంచి వచ్చింది. అప్పటికి ముప్ఫై దాటి ఉంటాయేమో. పెరట్లో పీట వేసుకుని బూడిదా కొబ్బరిపీచూ పట్టుకుని కూర్చుంటే, అడుగంటిన పాలగిన్నె కూడా ఆమెకు లొంగాల్సిందే. గిన్నెలతో మాట్లాడుతూ తోమేది. "ఏంది, నువ్వొదలవా? నేనొదుల్తనా?" అనేది మాడిన మూకుడుతో.

ఇక మా నాన్న. ఆయనది రామంతాపూర్‌లో ఒక ప్రభుత్వ పరీక్షా కేంద్రంలో ఉద్యోగం. నేరాలకు సంబంధించిన వస్తువులు జిల్లాల నుంచి అక్కడికి పార్సిళ్లుగా వచ్చేవి. గుడ్డలో చుట్టి, కుట్టి, ముడుల మీద లక్క కరిగించి పోసి, దాని మీద పోలీసుస్టేషను ముద్ర కొట్టి పంపేవాళ్లు. ఆ ముద్ర చెదిరిందా, కాగితంలో చూపించిన ముద్రతో కలుస్తోందా అని చూసి, నెంబరు వేసి, రిజిస్టరులో రాసి లోపలికి పంపడం నాన్న పని. లోపల ఏముందో ఆయనకు తెలియదు. తెలుసుకోవాలనీ అనుకోలేదు. ఇంటికొచ్చాక బయట నల్లా దగ్గరే ఎర్రసబ్బుతో మోచేతుల దాకా రెండుసార్లు కడుక్కుని గానీ గడప దాటేవాడు కాదు. ఎంత కడుక్కున్నా చొక్కాకి కరిగిన లక్క వాసన ఉండేది. "ఇవ్వాళ ఏమొచ్చినయి నాన్నా?" అని నేను ఆశగా అడిగితే, "కాయితాలు" అనేవాడు. రోజూ అదే జవాబు.

ఇంత చప్పటి ఉద్యోగం ఉన్న తండ్రితో ఉప్పల్‌లో నేను చదివే కాలేజీలో పరువు నిలుపుకోవడం కష్టమైంది. ఎందుకంటే అక్కడ సోమవారం వచ్చిందంటే అందరి నోటా శనివారం సీరియలే. అది ఎక్కడో పెద్ద ఊళ్లో తీసి, తెలుగులో మాటలు అతికించినది. పెదవులు ఆగిపోయాక కూడా మాట వినపడుతూ ఉండేది. పెద్దాఫీసరు శవం చుట్టూ మూడుసార్లు తిరిగి కిటికీలోంచి బయటకు చూసేవాడు. తెల్లకోటు డాక్టరు సూక్ష్మదర్శినిలో ఒక్క కన్ను పెట్టి, హంతకుడు పొడుగరి అనీ, ఎడమచేతివాటమనీ, ఆ పూట జామకాయ తిన్నాడనీ చెప్పేసేవాడు. గంటలో కేసు ఖతం. ఒక సోమవారం ఎవరో "మీ నాన్న ఎక్కడ పనిచేస్తాడు?" అని అడిగితే, నేను కొంచెం ఆగి, గొంతు తగ్గించి, "అచ్చం ఆ డాక్టరు చేసే పనే. బయట చెప్పకూడదు" అన్నాను. చెప్పకూడదు అన్నాను కనక వారం తిరిగేలోపు కాలేజీ అంతా తెలిసింది. ఆ తర్వాత నెలకో ప్రమోషను ఇచ్చేదాన్ని ఆయనకు. నిజంగా రిటైరయ్యేదాకా ఆయనకు వచ్చినవి రెండు. నేనొక్క ఏడాదిలో ఆరిచ్చాను.

మాకు టీవీ ఉన్నా, అది నలుపూ తెలుపూ. పైన ఓనర్లు, సావిత్రి ఆంటీ వాళ్లది రంగుల టీవీ. ఆంటీది గోదావరి వైపు. ఆమె భర్త మూర్తి అంకుల్‌కి రైల్వేలో ఉద్యోగం. శనివారం ఆరున్నరకల్లా సందులో సగం మంది వాళ్ల హాల్లో ఉండేవాళ్లం. అంకుల్ కుర్చీ అంకుల్‌ది. సోఫా పెద్దవాళ్లది. అమ్మ గోడకానుకుని చిక్కుడుకాయలు ఒలుస్తూ చూసేది, శవం కనపడిన చోట మాత్రం ఒలవడం ఆపేది. యాదమ్మ పైన గిన్నెలు తోమడం ముగించుకుని, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ గుమ్మం దగ్గర నిలబడే చూసేది. కూర్చోమని ఎవరూ అనలేదు, నేను కూడా. ప్రకటనలు వచ్చినప్పుడు, అద్దం తలుపున్న దేవుడి అల్మరాలోంచి ప్రసాదం తీసి అందరికీ పెట్టే పని ఆంటీ నాకు అప్పజెప్పేది.

ఒక వారం ఆ అల్మరాలోంచే వెండి గ్లాసు పోయింది. చిన్న గ్లాసు, అంచున లతలు చెక్కినది. ఆంటీ వాళ్లమ్మ పోయేముందు ఆమె చేతిలో పెట్టినది. ఆంటీ రెండు రోజులు ఇల్లంతా వెతికింది, డబ్బాల్లో బియ్యం, పప్పులు గుమ్మరించి చూసింది, ఏడ్చింది. ఆ ఏడుపు నిజమైనదే. పోలీసుల దాకా పోవడం అంకుల్‌కి ఇష్టం లేదు. అప్పుడు ఆంటీ, నేను కాలేజీలో పరిచిన కీర్తి సందు దాకా చేరి ఉండటం వల్ల, నాన్నను మెట్ల దగ్గర ఆపి, "మీరు పెద్ద పెద్ద కేసులే తేలుస్తారటగా అన్నయ్యగారూ, ఓసారి వచ్చి చూడకూడదూ?" అంది. నాన్నకి ఒక్క ముక్క అర్థం కాలేదు. "నాకేం తెల్వదమ్మా" అని నవ్వి వచ్చేశాడు. ఆంటీ దాన్ని వినయం అనుకుంది. ఇంకోసారి అడిగితే బండారం బయటపడుతుంది. అంచేత ఆ సాయంత్రమే పైకి వెళ్లి, "నాన్న బయటి కేసులు తీసుకోగూడదు ఆంటీ. నేను చూస్తాను. నాకన్నీ నేర్పించాడు" అన్నాను.

ఇక్కడ నా వయసు చెప్పాలి. పదేళ్ల పిల్లనైతే ఈ కథ ముద్దుగా ఉండేది. నాకు పదిహేడు. ఇంటర్ రెండో సంవత్సరం. బాటనీ రికార్డులో మందారపువ్వు అడ్డుకోత గీసి సంతకాలు చేయించుకుంటున్న మనిషిని. ఆ బాటనీ కుంచెతోనే, అమ్మ ముఖానికి రాసుకునే పౌడరు అద్ది, అల్మరా అద్దం మీద వేలిముద్రల కోసం వెతికాను. సందులోని ఆడవాళ్లు ముగ్గురు ఊపిరి బిగబట్టి చూశారు. సీరియల్లో లాగే చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ నడిచాను కూడా. అద్దం అంచున ఒక బొటనవేలి ముద్ర, చక్కగా, గీత గీతా కనపడుతూ తేలింది. టేపుతో దాన్ని ఎత్తి నల్లకాగితం మీద అతికించాను. నా జన్మలో అంత గర్వపడిన క్షణాలు రెండో మూడో ఉంటాయి, అందులో అదొకటి అని ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

తర్వాత అంకుల్ ఆఫీసు నుంచి తెచ్చుకున్న స్టాంపు ప్యాడు తీసుకుని, ఆ ఇంట్లోకి వచ్చీపోయే అందరి బొటనవేళ్లూ నా రికార్డు పుస్తకంలో వేయించుకున్నాను. ఆంటీ, అంకుల్, అమ్మ, పక్కింటివాళ్లు. అందరూ సరదాగా వేశారు. యాదమ్మ దగ్గరికి వెళ్తే, పీట మీద నుంచి లేవకుండా చెయ్యి కడుక్కుని చాపి, "ఏందమ్మా, జాగ రిజిస్ట్రీ జేస్తున్నవా నా పేరు మీద?" అని నవ్వింది. వేలు ప్యాడుకు అద్ది కాగితం మీద ఒత్తాను. నల్లటి మచ్చ పడింది. గీతల్లేవు. "ఇంకోపాలి" అన్నాను. మళ్లీ ఒత్తాను. మళ్లీ మచ్చే. అప్పుడామె నవ్వడం ఆపి నా ముఖంలోకి చూసింది. "దేనికమ్మా గిది?" అంది. "ఊరికే, కాలేజీ పని" అన్నాను.

శనివారం మధ్యాహ్నం పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. టేపు మీది ముద్ర ఎవరి వేలితోనూ కలవలేదు. ఆంటీది కాదు, అంకుల్‌ది కాదు, అమ్మది అసలే కాదు. మిగిలింది యాదమ్మ మచ్చ. దానిలో పోల్చడానికే ఏమీ లేదు. ఒక్క గీత కూడా లేని మచ్చ ఏదో, ముప్ఫై గీతలున్న ముద్ర ఏదో పదిహేడేళ్ల పిల్లకి తెలియదా? తెలిసింది. తెలిసి కూడా, సాయంత్రం ఏడు లోపు జవాబు కావాలి గనక, అందరూ నా మాట కోసం చూస్తున్నారు గనక, మచ్చ కింద 'ఇదే' అని రాశాను. నీలం ఇంకుతో, అందంగా.

ఆ రోజు యాదమ్మ పని ముగించుకుని తొందరగా వెళ్లిపోయింది. హాల్లో అందరూ కూర్చున్నారు. ఏడుకి ఇంకో అయిదు నిమిషాలుంది. "ఏమే శైలూ, తేలిందా?" అంది ఆంటీ. నేను లేచి, కిటికీ దాకా నడిచి, బయటకు చూసి, అప్పుడు వెనక్కి తిరిగాను. అవును, నిజంగా కిటికీ దాకా నడిచాను. "తేలింది ఆంటీ. అల్మరా అద్దం మీద ఉన్న ముద్ర యాదమ్మది."

ఎలా తెలిసిందని ఎవరూ అడగలేదు. పుస్తకం చూపించమనలేదు. తమ పేరు రానందుకు కాబోలు, హాలంతా ఒక్కసారి తేలిగ్గా ఊపిరి వదిలింది. "నేననుకుంటూనే ఉన్నా" అన్నారెవరో. గోడ దగ్గర్నుంచి అమ్మ ఒక్కతే, "ఏం మాట్లాడుతున్నవే? రోజు ఇంట్ల పనిజేసే మనిషి ఏలు అద్దం మీద వడదా?" అంది. కానీ అప్పుడే టీవీలో మ్యూజిక్ మొదలైంది. అందరూ అమ్మను ష్ ష్ అన్నారు.

మర్నాడు పొద్దున్న ఆంటీ యాదమ్మను ఇక రావద్దంది. తొమ్మిదయ్యేసరికి మిగతా రెండిళ్లూ అదే మాట అన్నాయి. అరుపులు వినపడతాయని నేను తలుపు వెనక నిలబడ్డాను. ఏమీ వినపడలేదు. యాదమ్మ మెట్లు దిగి వచ్చి, కొబ్బరిపీచు మా పెరటి గోడ మీద పెట్టింది. అమ్మ బయటికి పోయి, "యాదమ్మా, మా ఇంట్ల నిన్నెవరు వద్దన్నరు? ఉండు" అంది. "గా మాట మీ ఇంట్లకెల్లే ఒచ్చింది గదమ్మా" అంది యాదమ్మ. తర్వాత తలుపు వైపు తిరిగి, నేనక్కడున్నానని ఎలా తెలిసిందో, "శైలమ్మా, నా ఏలు గంత మంచిగ అచ్చు వడ్డదా?" అని అడిగింది. నేను తలుపు తీయలేదు. ఆమె కాసేపు నిలబడి వెళ్లిపోయింది.

నాన్న ఆ రెండు రోజులూ జనగామ దగ్గర మా ఊరికి పోయి ఉన్నాడు. ఆదివారం సాయంత్రం వచ్చేసరికి పెరట్లో ఎంగిలి గిన్నెలు గుట్టగా పడి ఉన్నాయి. "యాదమ్మ రాలేదా?" అన్నాడు. అమ్మ జరిగిందంతా చెప్పింది, నా ప్రమోషన్ల సంగతితో సహా. ఆంటీ ద్వారా అదీ ఆమెకు తెలిసింది. నాన్న చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. అరుస్తాడనుకున్నాను. "నీ బుక్కు తే" అన్నాడు.

అరుగు మీద, వెలుతురు ఇంకా ఉండగానే, కళ్లద్దాలు తుడుచుకుని, నా జామెట్రీ బాక్సులో ఉన్న చిన్న భూతద్దం పట్టుకుని పేజీ తర్వాత పేజీ చూశాడు. "నేను సైంటిస్టును గాను బిడ్డా. లక్క మీద ముద్ర సూసుడే నా పని" అన్నాడు తల ఎత్తకుండా. "కని ఇరవై ఏండ్లసంది ముద్రలే సూస్తున్న. రెండు ముద్రలు ఒకటా కాదా, గంతమటుకు తెలుస్తది." మళ్లీ కాసేపు చూసి, "అందరియి ఉన్నయి. నీదేది?" అన్నాడు.

పరిశోధకురాలి వేలిముద్ర ఎవరు తీసుకుంటారు? నాకసలు తట్టనే లేదు. ఆయన నా బొటనవేలు పట్టుకుని ఇంకులో అద్ది కాగితం మీద ఒత్తాడు. చిన్నప్పుడు బ్లేడుతో పెన్సిలు చెక్కుతుంటే తెగి, నా కుడి బొటనవేలికి ఏటవాలుగా ఒక తెల్లగీత పడింది. కాగితం మీద అది కనపడింది. టేపు మీది ముద్రలోనూ అదే గీత, అదే వాలు. ప్రతి శనివారం ప్రసాదం కోసం ఆ తలుపు తీసింది నేనే. నా మొదటి, చివరి కేసులో నేను అంత కష్టపడి పట్టుకున్నది నన్నే.

"ఇగ ఇది సూడు" అని యాదమ్మ మచ్చలు చూపించాడు నాన్న. "బూడిదతోటి తోమి తోమి ఆమె ఏళ్ల మీది గీతలు అరిగిపోయినయి. ఆమె కావాలని ఒత్తినా అచ్చు వడది. నీకు కనవడలేదా?"

నేను "లేదు నాన్నా" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నా వైపు చూసి, "ఔ, ఉత్త కళ్లకు కనవడది తియ్" అన్నాడు. తిట్టి ఉంటే బతికిపోయేదాన్ని. ఆయన నా కోసం సాకు వెతికి నా చేతిలో పెట్టాడు, నేను తీసుకున్నాను.

మరుసటి శనివారం, సరిగ్గా ఏడుకి అయిదు నిమిషాల ముందు, అదే హాల్లో అందరి ముందూ నన్ను నిలబెట్టాడు. ఈసారి కిటికీ దాకా నడవలేదు. ఆ ముద్ర నాదేనని, యాదమ్మది కాదని, మా నాన్న డాక్టరు కాదని, పార్సిళ్లు తీసుకునే మనిషని చెప్పాను. ఇద్దరు నవ్వారు. నాన్న అన్నింటికంటే చివరి మాటకే కొంచెం ఇబ్బందిపడి, చొక్కా గుండీ సరిచేసుకున్నాడు. "అయ్యో పోనీలెండి అన్నయ్యగారూ, చిన్నపిల్ల" అంది ఆంటీ. "మరి యాదమ్మను రమ్మంటరా?" అన్నాడు నాన్న. ఆంటీ అంకుల్ వైపు చూసింది. "వేరే ఆమెను పెట్టేసుకున్నామండీ" అంది. మిగతావాళ్లూ అలాంటిదే ఏదో అన్నారు. ముద్ర తప్పని తేలింది గానీ, అనుమానం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఆదివారం పొద్దున్న యాదమ్మ ఇంటికి బయల్దేరాం. స్కూటర్ తీద్దామా అంటే, "తప్పు ఒప్పుకోనీకి బండి మీద వోతరా?" అన్నాడు. ఎండలో, ఫ్యాక్టరీల ప్రహరీగోడల పక్కనుంచి, లారీలు లేపే దుమ్ములో, ఎంతో దూరం నడిచాం. రెండుచోట్ల దారి తప్పాం. ఆయన ముందు, నేను వెనక. ఒకే గది, పైన రేకులు. యాదమ్మ గుమ్మంలో కూర్చుని కూతురికి తల దువ్వుతోంది. నాన్నను చూసి గాభరాగా లేచింది. "చెల్లే, మాతోని తప్పైంది. పిల్ల తెల్వక జేసింది" అన్నాడు నాన్న. ఆయన ఆఫీసులో పెద్దవాళ్ల ముందు చేతులు కట్టుకుని నిలబడటం చూశాను, ఆ రోజు అంతకంటే ఒదిగి నిలబడ్డాడు.

"మీరేం జేసిన్రు సారూ" అంది యాదమ్మ. నా వైపు చూసింది. "బిడ్డ నోరెందుకు తెరుస్తలేదు?"

"తప్పయింది యాదమ్మా" అన్నాను.

"ఒక్క నోటిమాటతోటి నాల్గిండ్లు వోయినయి. ఇంకో నోటిమాటతోటి మల్ల ఒస్తయా?" అంది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు. ఆమె నా ముఖంలోకి చాలాసేపు చూసింది. ఏదో అనబోయింది. తర్వాత నాన్న వైపు చూసి, అది వదిలేసి, "కూసోండి సారూ, ఎండలవడి ఒచ్చిన్రు" అని చెంబుతో నీళ్లిచ్చింది. మర్నాటి నుంచి బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగు పనికి పోతున్నానంది. అది మంచి వార్తలా విన్నాను నేను. రోజంతా నిలబడి నిలబడి ఆమె కాళ్లు వాచేవని తర్వాతెప్పుడో అమ్మ చెప్పింది.

ఆ ఏడాదంతా మా ఇంట్లో గిన్నెలు నేనే తోమాను. అది నాన్న వేసిన శిక్ష కాదు, అమ్మది. "ఇంకో మనిషిని వెట్టుకుంటే ఆమె మీద గుడ గిసొంటి కేసు పెడ్తవ్" అంది. పరీక్షలకు చదువుతూ తోమాను, మాడిన మూకుళ్లతో నేనూ మాట్లాడాను, అవి నా మాట వినలేదు. సీరియల్ మానేస్తానని ఒట్టేసుకున్నాను. రెండు శనివారాలు మానేశాను. మూడో శనివారం మెట్లెక్కి పోయి కూర్చున్నాను. ఇంతకంటే నా గురించి చెప్పడానికేముంది? ఆ వెండి గ్లాసు మాత్రం దొరకలేదు. సీరియల్లో అయితే గంటలో దొరికేది. అంకుల్ రిటైరై వాళ్లు సామాను లారీకెక్కించుకుని పోయిన రోజు, ఏ పాత పెట్టె వెనక నుంచైనా జారిపడుతుందేమోనని లారీ కదిలేదాకా గేటు పట్టుకుని చూశాను. అది ఎవరు తీశారో, అసలెవరైనా తీశారో లేదో నాకు తెలియదు.

యాదమ్మా అమ్మా మాత్రం కలుసుకుంటూనే ఉన్నారు. ఎలా కుదిరిందో నన్నడక్కండి, ఆ స్నేహంలో నాకు చోటు లేదు. నాన్న పోయినప్పుడు నాచారం నుంచి అందరికంటే ముందు వచ్చింది ఆమే. అమ్మ పక్కన కూర్చుని, "మంచోడు సారు. మా గుడిసె కాడికి నడ్సుకుంట ఒచ్చిండు" అని ఏడ్చింది. నేను వంటింట్లో టీ పెడుతూ విన్నాను. పోయేదాకా నాన్న అది తెలియక చేసిన పొరపాటనే నమ్మాడు. నమ్మనిచ్చాను. చెప్పడానికి పాతికేళ్లకు పైనే టైమిచ్చాడాయన.

కొత్త సీజన్ మొదలైన శనివారం నేనొక్కదాన్నే ఉప్పల్ దాకా బస్సులో, అక్కణ్ణుంచి షేరాటోలో నాచారం పోయాను. యాదమ్మ ఇప్పుడు కూతురి దగ్గర ఉంటోంది. రెండు గదుల పక్కా ఇల్లు, గోడకు నా కంటే పొడవైన టీవీ. పిల్లలు ఎక్కడికో పోయారు. ఆమె కుర్చీలో కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుని ఉంది. "దా, షురువైంది" అంది, ఏదో రోజూ వస్తున్న మనిషితో అన్నట్టు. తెర మీద ఇప్పుడు కుంచె లేదు, పౌడరు లేదు. వేలు గాజుపలక మీద పెట్టగానే కంప్యూటరులో ముఖాలు గిర్రున తిరిగి, ఒకటి ఆగి, ఎర్రగా వెలిగింది. "గా మిషిన్ల నా ఏలు వెడితే ఏం రాదు" అంది యాదమ్మ. "రేషన్ దుకాన్ల గుడ గంతే. కన్ను సూపెట్టి బియ్యం తెచ్చుకుంట."

నేను టీవీకి అడ్డంగా వచ్చి నిలబడ్డాను. అలా నిలబడితే తప్ప అనలేనేమో అనిపించింది. "యాదమ్మా, ఆ రోజు నాకు కనపడింది. నీ ముద్రలో గీతల్లేవని తెలిసే నీ పేరు చెప్పాను. తెలియక చేసింది కాదు."

"నాకెర్కే" అంది.

"ఎప్పట్నుంచి?"

"ఇంకోపాలి అని మల్ల ఒత్తిపిచ్చుకున్నవ్ సూడు, గప్పట్సంది. నీ మొకంలనే కనవడ్డది."

"మరి మేమొచ్చిన రోజు నాన్నకెందుకు చెప్పలేదు?"

టీవీలో పెద్దాఫీసరు ఎవరినో గద్దిస్తున్నాడు. "సారు గంత దూరం ఎండల నడ్సొచ్చిండు. బిడ్డ తెల్వక జేసింది అన్కుంట ఒచ్చిండు" అంది. "నాకు పని ఎట్లనో వోయింది. ఆయనకు గదన్న ఉండనీ అనుకున్న."

నాకు కళ్లు నిండాయి. ఏదైనా పెద్ద మాట అనాలని నోరు తెరిచాను. పుస్తకాలు రాసే మనిషిని కదా, ఇంకా టీవీకి అడ్డంగానే నిలబడి దాన్ని వాక్యంగా పేర్చుకుంటున్నాను.

"జర పక్కకు జరుగు శైలమ్మా" అంది యాదమ్మ మెడ సాచి. "కనవడ్తలేదు."

నేను జరిగాను.